గద్దర్ పాట, వాడ అభిమానం

తెలుగులో అభిమానం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఇంకొకరి మీద ప్రేమ. రెండోది, తన మీద తనకున్న గౌరవం. అభిమానం చంపుకొని బతుకుతున్నామని కూలివాళ్లు అన్నప్పుడు వాళ్లు చెప్పేది ఈ రెండోదాని గురించే. సినిమా నటుడి అభిమాని అన్నప్పుడు మొదటి అర్థం ఒక్కటే మిగులుతుంది. గద్దర్ పట్ల మాల మాదిగ వాడల్లో సుమారు యాభై ఏళ్లుగా ఉన్న అభిమానాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు అర్థాల్నీ కలిపి చూడాలని మేము అనుకుంటున్నాం. రెండో అర్థాన్ని వదిలేస్తే ఆ అభిమానం ఒక మంచి గొంతును మెచ్చుకోవడంగా తేలిపోతుంది. వాడకు గద్దర్ మీద ఉన్న ప్రేమ దగ్గరా, వాడ గద్దర్‌ను అడిగిన ప్రశ్నల దగ్గరా ఈ రెండో అర్థమే పనిచేసింది.

గద్దర్ 2023 ఆగస్టు 6న హైదరాబాద్‌లో చనిపోయాడు. ఆయన మీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం గొంతు గురించి, గజ్జెల గురించి, సభలకు వచ్చిన లక్షల జనం గురించి. ప్రజాయుద్ధనౌక అన్న బిరుదు అన్నిటిలోనూ ఉంది. ఆ జనం ఎవరు, ఏ వాడల నుంచి వచ్చి నేల మీద కూర్చున్నారు, విని పోయి ఏం చేశారు అన్న ప్రశ్న మాత్రం తక్కువగా వచ్చింది. పాడినవాడి చరిత్ర ఎంత అవసరమో విన్నవాళ్ల చరిత్రా అంతే అవసరం. ఈ వ్యాసంలో మేము చేస్తున్నది ఆ రెండో పనికి ఒక చిన్న ప్రయత్నం.

పేరు, ఉద్యోగం

గుమ్మడి విఠల్ 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టాడు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. కష్టం చేసుకుని బతికే దళిత కుటుంబం. చదువుకుని ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ దాకా వచ్చాడు, ఆ చదువు పూర్తి కాలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో పాడాడు. బతకడానికి బుర్రకథ చెప్పాడు. సినిమా దర్శకుడు బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంతో ఏర్పడిన పరిచయం ఆయన్ని రాజకీయాల వైపు తిప్పింది. 1972లో మొదలైన జననాట్యమండలి ఆయనకు వేదిక అయింది. అప్పటి పరాయి పాలన మీద 1913లో పుట్టిన గదర్ పార్టీ పేరు నుంచి వచ్చిన మాట ఆయన పాటల పుస్తకం మీదికి, అక్కడి నుంచి ఆయన పేరుగా జనం నోట్లోకి ఎక్కింది.

1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో వాడ నుంచి వచ్చిన మొదటి తరం చదువరికి బ్యాంకు ఉద్యోగమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కర్లేదు. ఒక్క జీతం మీద నాలుగు ఇళ్లు నిలబడతాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు అవుతాయి, తమ్ముళ్ల ఫీజులు కడతారు. అటువంటి ఉద్యోగాన్ని ఆయన 1984లో వదిలేశాడు. కలిగిన కులాల యువకుడు విప్లవంలోకి పోతే త్యాగం అంటారు. వెనక భూమి ఉంటుంది, ఇల్లు ఉంటుంది. వాడ నుంచి వచ్చినవాడు జీతం వదిలితే వెనక ఏమీ ఉండదు. ఈ తేడా వాడకు తెలుసు. అందుకే ఆయన్ని తలచుకున్నప్పుడు మెచ్చుకోలుతో పాటు ఒక భయం కూడా ఉండేది. మన పిల్లలు కూడా ఇట్లా పోతారేమోనని తల్లిదండ్రులు గుబులుపడ్డారు. కొందరు నిజంగానే పోయారు. వాళ్లలో తిరిగి రానివాళ్లూ ఉన్నారు. వాడ అభిమానం లెక్కలో ఆ ప్రాణాల్ని కూడా రాసుకోవాలి.

గోచి, గొంగడి, డప్పు

గద్దర్ వేషాన్ని గురించి అందరూ రాశారు. ఒళ్లు సగం కప్పని గోచి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. దీన్ని వట్టి రంగస్థల అలంకారం అనుకుంటే పొరపాటు. ఒక్కో వస్తువు వెనక ఒక్కో కులం శ్రమ ఉంది. గోచి పొలంలో కూలివాడి బట్ట, బురదలో దిగినవాడి బట్ట. గొంగడి గొర్ల ఉన్నితో కురుమలు నేసేది, ఎండకూ వానకూ చలికీ అదే దిక్కు. డప్పు మాదిగల చేతి పని: తోలు తీసి, శుద్ధి చేసి, చట్రానికి బిగించి, మంట మీద కాచి శ్రుతి చేస్తారు. పల్లెలో ఎవరి బట్ట తక్కువదిగా చూశారో, ఎవరి వాద్యం ఇంటి గడప తొక్కకూడదన్నారో, ఆ బట్టా ఆ వాద్యమూ వేదిక ఎక్కాయి.

డప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఊళ్లో చావుకూ జాతరకూ దండోరాకూ డప్పు కొట్టడం మాదిగల మీద మోపిన వెట్టి. పెత్తనం చేసేవాడు పిలిచినప్పుడు పోవాలి, కొట్టమన్నంతసేపు కొట్టాలి, పెట్టింది తీసుకోవాలి. అదే డప్పు జననాట్యమండలి సభలో మోగితే పిలుపు ఎటు నుంచి ఎటు పోతోందో మారిపోయింది. వాడవాళ్లు ఊరిని పిలవడం మొదలైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం తనకు దండోరా అని పేరు పెట్టుకునేనాటికి డప్పు సిగ్గుపడే వస్తువు కాకుండా పోయింది. ఆ మార్పు గద్దర్ ఒక్కడి వల్ల వచ్చిందని మేము అనడం లేదు. డప్పు కొట్టే చేతులే ఆ మార్పు తెచ్చాయి. ఆ వాద్యానికి సభామర్యాద సంపాదించడంలో జననాట్యమండలి పాత్రను మాత్రం కాదనలేం.

పాట కట్టుబడి

విన్నవాళ్లు పాడేవాళ్లుగా ఎట్లా మారారు? దీనికి జవాబు పాట కట్టుబడిలోనే ఉంది. ముందు సాకి వస్తుంది. తాళం లేకుండా, సాగదీసి, చుట్టుపక్కల వాళ్లను దగ్గరికి పిలుచుకున్నట్టు. తర్వాత పల్లవి, డప్పు, కోరస్. పంక్తి చిన్నది, ఒక్క ఊపిరికి సరిపోతుంది. ప్రతి పంక్తి చివరా తిరిగి వచ్చే మాట ఒకటుంటుంది, బతుకమ్మ పాటలో ఉయ్యాలో వచ్చినట్టు. రెండు చరణాలు వినేసరికి ముందు వరసలోని పిల్లలకు కోరస్ నోటికి వస్తుంది. అక్షరం రానివాళ్ల కోసం కట్టిన పాట ఇది. చదువు లేకపోవడాన్ని లోపంగా చూడకుండా, జ్ఞాపకాన్ని బలంగా చూసిన పద్ధతి.

ఇంకో సంగతి. పాట మధ్యలో ఆగి మాట్లాడటం గద్దర్‌కు అలవాటు. చరణం మధ్యలో డప్పును ఆపి ఆ ఊరి సంగతి, ఆ వారం జరిగిన సంగతి చెప్పి, మళ్లీ పల్లవి అందుకుంటాడు. ఇది బుర్రకథ నుంచి వచ్చింది. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఎప్పటిదైనా రాజకీయ వంత దాన్ని నేటికి లాక్కొస్తాడు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి కాలంలో గుంటూరు జిల్లా షేక్ నాజర్ ఈ కళను ఎంత పదునుగా వాడాడో పెద్దలు చెబుతారు. గద్దర్ ఆ ముగ్గురి పనీ ఒక్కడే చేశాడు. పాటలో ఊరి పేరు మార్చుకోవడానికి, దొర పేరు చేర్చుకోవడానికి చోటు ఉండేది. ఊరూరా యువకులు అదే చేశారు. ముద్రించిన చిన్న పాటల పుస్తకాలు, టేపు రికార్డరు క్యాసెట్లు, బడి నోటు పుస్తకాల్లో చేతిరాతలు: పాట ఈ మూడు దారుల్లో వాడలకు చేరింది.

బాణీల సంగతి మరీ ముఖ్యం. నాట్లప్పుడు, కలుపుతీతలప్పుడు, తిరగలి విసిరేటప్పుడు, బిడ్డను జోకొట్టేటప్పుడు ఆడవాళ్లు పాడుకున్న బాణీల మీద ఆయన పాటలు నిలబడ్డాయి. తల్లి పాడిన పాటలు తనకు పునాది అని ఆయన చెప్పుకున్నాడు, తల్లి పేరు మీద పాట కట్టాడు. ఆడబిడ్డను కని పోషించలేక వదిలేసిన తల్లి దుఃఖం మీద ఆయన కట్టిన పాటకు కన్నీళ్లు పెట్టని ఆడవాళ్లు తక్కువ. జనం దగ్గర తీసుకున్న బాణీకి కొత్త మాట చేర్చి జనానికే తిరిగి ఇవ్వడం అన్నది జననాట్యమండలి ప్రకటించుకున్న పద్ధతి. అయితే ఆ బాణీలు కట్టిన నాటుకూలి ఆడవాళ్ల పేర్లు ఏ పుస్తకం అట్ట మీదా లేవు. ఈ బాకీ గద్దర్ ఒక్కడిది కాదు, తెలుగు పాట మొత్తానిది.

పేర్లు మింగిన పేరు

పెద్ద పేరు పక్కన చిన్న పేర్లు మాసిపోతాయి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన మా భూమి సినిమాలో గద్దర్ తెర మీద కనిపించి పాడిన బండెనక బండి కట్టి పాటను ఇవాళ్టికీ గద్దర్ పాట అనేవాళ్లున్నారు. ఆ పాట తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట. కట్టినవాడు బండి యాదగిరి. అదే సినిమాలో సుద్దాల హనుమంతు పాట ఉంది. గూడ అంజయ్య రాసిన ఊరు మనదిరా పాటకూ ఇదే గతి పట్టింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టిన అంజయ్య 2016 జూన్ 21న చనిపోయేదాకా, తన పాటను ఊరూరా విన్నాడు గానీ తన పేరును అంతగా వినలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి జననాట్యమండలిని మొదట్నించీ నిలబెట్టిన వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టులో పోయాడు. సంజీవ్, దివాకర్, డప్పు రమేష్ లాంటి వాళ్ల గొంతులూ చేతులూ లేకుండా గద్దర్ సభను ఊహించలేం.

ఇక్కడ అభిమానికి ఒక పరీక్ష ఉంది. ఒక్కణ్ణి ఆకాశానికెత్తడం సినిమా అభిమాన సంఘాల పద్ధతి. కోస్తాలో ఆ సంఘాలు కులాల వారీగా ఎట్లా నడిచాయో, వాడ పిల్లలు పరాయి కులపు హీరోల పోస్టర్లు ఎట్లా అంటించారో మనకు తెలిసిందే. గద్దర్‌కు అటువంటి సంఘం లేదు. ఆయన పాట పాడినందుకు స్టేషన్‌కు పిలిపించుకున్నవాళ్లున్నారు, దెబ్బలు తిన్నవాళ్లున్నారు. అంత ఖరీదు పెట్టి నేర్చుకున్న పాటను మళ్లీ ఒక్క మనిషి ఆస్తిగా మార్చడం ఆ దెబ్బలు తిన్నవాళ్లకు అన్యాయం చేయడమే.

కారంచేడు అడిగిన ప్రశ్న

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. మంచినీళ్ల చెరువును మురికి చేస్తుంటే ఒక దళిత యువకుడు అడ్డుచెప్పడం, అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదురుతిరగడం ఆ దాడికి సాకయింది. చీరాలకు చేరిన బాధితుల శిబిరం నుంచి అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచారు. గద్దర్ కారంచేడు మీద పాట కట్టాడు. ఆ పాటలో చచ్చినవాళ్లు జాలి పడాల్సిన వాళ్లుగా కనిపించరు, ఎదిరించి నిలబడిన వాళ్లుగా కనిపిస్తారు. శిబిరంలోని మనుషుల్ని తలెత్తుకునేటట్టు చేసింది ఆ తేడాయే. అదే ఏడాది నిర్బంధం పెరిగి ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు.

కారంచేడు తర్వాత వాడ ఒక ప్రశ్న వేసింది. పాటల్లో కూలన్న ఉన్నాడు, రైతన్న ఉన్నాడు, కార్మికుడు ఉన్నాడు. మాల, మాదిగ అనే పేర్లెక్కడ? చంపినవాడు భూస్వామి గనక చంపాడా, మాదిగవాడు నోరెత్తాడని చంపాడా? 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి గోతాల్లో కట్టి కాలువలో పడేసినప్పుడు ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కలిసి వేసిన చిక్కనవుతున్న పాట సంకలనం నాటికి దళిత కవిత్వం తన దారి తాను వేసుకుంది. వర్గమొక్కటే చాలదని విప్లవ పార్టీలతో దళిత మేధావులు ఆ దశాబ్దమంతా వాదించారు. ఆ వాదనలో చాలామంది గద్దర్ పాట విని పెరిగినవాళ్లే. పాట మీద ప్రేమతోనే పాట లోటును ఎత్తిచూపారు. అభిమానానికి రెండో అర్థం పనిచేయడమంటే ఇదే. తన మీద తనకు గౌరవం ఉన్నవాడే తనకిష్టమైన గాయకుణ్ణి నిలదీయగలడు.

చుండూరు హత్యలకు 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. గద్దర్ పోయిన రోజు కూడా ఆగస్టు 6. చుండూరుకు అప్పటికి ముప్ఫైరెండేళ్లు. ఆ ఒక్క తేదీన వాడ ఇద్దరినీ తలచుకోవాలి. ఇది యాదృచ్ఛికమే. అయినా తలచుకునేవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

అజ్ఞాతం నుంచి అధికార లాంఛనాల దాకా

1990 ఫిబ్రవరిలో గద్దర్ అజ్ఞాతం వీడి బయటకు వచ్చాడు. హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనాన్ని ఆ మైదానం పట్టలేదు. ఆ వెసులుబాటు ఎక్కువ కాలం లేదు. 1992 మేలో పీపుల్స్ వార్ మీద నిషేధం వచ్చింది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులో ఉండిపోయింది. ఆ తూటాతోనే ఇరవై ఆరేళ్లు ఆడిపాడాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో తిరిగాడు. 2011లో వచ్చిన జై బోలో తెలంగాణ సినిమాలో ఆయన పాట కొత్త తరాన్ని చేరింది.

చివరి ఏళ్లలో ఆయన చాలామంది అభిమానుల్ని ఇబ్బంది పెట్టాడు. 2017లో గుళ్లకు వెళ్లాడు. ఓటు వద్దని పాడినవాడు 2018లో మొదటిసారి ఓటేశాడు. రాజ్యాంగాన్ని చేతబట్టుకుని తిరిగాడు, అంబేద్కర్ పేరు ఎక్కువగా చెప్పాడు. 2023 జూన్‌లో కొత్త పార్టీ ప్రకటించాడు. విప్లవాన్ని వదిలేశాడని కొందరు, ఇన్నాళ్లకు ఇంటికి వచ్చాడని కొందరు అన్నారు. అంబేద్కర్ దగ్గరికి రావడం ఆలస్యమైనా అవసరమైన ప్రయాణమేనని మా అభిప్రాయం. గుడి మెట్లు ఎక్కడం మాత్రం మాకు సమ్మతం కాదు. వాడను గడప బయట నిలబెట్టిన వ్యవస్థతో రాజీకి పాటే అడ్డు చెబుతుంది. ఈ రెండూ చెప్పడానికి ఆయన మీద మాకున్న అభిమానం అడ్డం రాకూడదు.

చనిపోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. అల్వాల్‌లో తాను పిల్లల కోసం పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో బౌద్ధ పద్ధతిలో ఖననం జరిగింది. ఆ తర్వాత నంది అవార్డుల స్థానంలో ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు తెచ్చింది, 2025 జూన్‌లో వాటిని మొదటిసారి ఇచ్చింది. 1995 నాటి ఒరేయ్ రిక్షా సినిమా పాటకు వచ్చిన నందిని గద్దర్ తీసుకోలేదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పేరు పెట్టడాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఒక దళితుడి పేరు రాష్ట్రపు పురస్కారం మీద ఉండటం చిన్న విషయం కాదు. అయితే డప్పు కొట్టేవాడికీ, ఒగ్గుకథ చెప్పేవాడికీ, నాట్ల పాట పాడే ఆడమనిషికీ ఆ పేరుతో ఏం దక్కుతుందన్నది అడగాలి.

చేయాల్సిన పని

గద్దర్ మీద అభిమానం ఉన్న విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయగల పని ఒకటుంది. క్యాసెట్ టేపులు బూజు పట్టి పోతున్నాయి. 1980లలో పాటలు రాసుకున్న నోటు పుస్తకాలు చిత్తుకాగితాల కింద పోతున్నాయి. ఆ కోరస్‌లో పాడినవాళ్లకు డెబ్బై ఏళ్లు వస్తున్నాయి. మీ మీ వాడల్లో ఆ పాట ఎవరు తెచ్చారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ మాట మార్చి పాడారు, పాడినందుకు ఏం జరిగింది, ఆ బాణీకి ముందు అక్కడ ఏ పాట ఉండేది: ఇవి అడిగి రాసిపెట్టండి. మాట మార్చిన చోటు చాలా ముఖ్యం. కూలన్న అన్నచోట మాదిగన్న అని మార్చి పాడిన వాడ ఉంటే, ఆ ఒక్క మాటలో దళిత ఉద్యమ చరిత్ర ఉన్నట్టే. పేర్లు రాసేటప్పుడు ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి, ఇన్నాళ్లూ రాయలేదు గనక.